పెళ్ళికి ముందరి యౌవనం
(స్మారకోపన్యాస పాఠం)

పెళ్ళికి ముందు స్త్రీపురుషుల మధ్య లైంగిక సంబంధం ఉండవచ్చునా అని అడిగితే సంప్రదాయ సమాజాలు ఒక్క మాటలో జవాబిస్తాయి: కూడదు. ఆ నిషేధం ఎంత పాతది, ఎవరికి ఎంత గట్టిగా వర్తించింది, దాన్ని దాటినవారిని సమాజం ఏం చేసింది అని విడివిడిగా అడిగితే మాత్రం ప్రాంతానికో సమాధానం, కులానికో సమాధానం, కాలానికో సమాధానం వస్తాయి. భారతదేశంలో, అందులోనూ తెలుగువారిలో, గత నూట యాభై ఏళ్లుగా ఈ విషయంలో యువతీయువకుల దృష్టి, పెద్దల దృష్టి, చట్టం దృష్టి ఎలా మారుతూ వచ్చాయన్నది ఈ ఉపన్యాసానికి విషయం.

ఈ చర్చలో మూడు సంగతులు తరచూ కలగాపులగం అవుతుంటాయి. మనుషులు నిజంగా ఏం చేస్తున్నారన్నది ప్రవర్తన. ఏది తప్పు, ఏది ఒప్పు అనుకుంటున్నారన్నది అభిప్రాయం. ఏది నలుగురిలో చెప్పుకోవచ్చు, ఏది దాచుకోవాలి అన్నది మర్యాద. ఈ మూడూ ఒకే వేగంతో మారవు. మన దగ్గర ముందుగా మారింది మర్యాద. దాని వెనక అభిప్రాయం కొంత కదిలింది. ప్రవర్తనలో వచ్చిన మార్పు జనం భయపడేంత పెద్దది కాదు. అన్నిటికంటే వెనకబడి ఉన్నది ఆడపిల్లనూ మగపిల్లవాడినీ ఒకే కొలమానంతో చూడటం.

సంప్రదాయంలోని పాయలు

మన సంప్రదాయం ఈ విషయంలో మొదటినుంచీ ఒకే గొంతుతో మాట్లాడిందన్న నమ్మకం చాలామందిలో ఉంది. గ్రంథాలు దాన్ని బలపరచవు. మనుస్మృతి చెప్పిన ఎనిమిది రకాల వివాహాల్లో గాంధర్వం ఒకటి. యువతీయువకుల పరస్పర ఇష్టమే దానికి ఆధారం. శకుంతలా దుష్యంతుల కథ ఆ పద్ధతికి అందరూ చెప్పుకునే ఉదాహరణ. అదే స్మృతి పన్నెండు రకాల కొడుకులను లెక్కపెడుతూ కానీనుణ్ణి, సహోఢుణ్ణి కూడా చేర్చింది. పుట్టింట్లో ఉన్న అవివాహిత కన్నవాడు కానీనుడు. పెళ్ళినాటికే గర్భవతి అయిన వధువుకు పుట్టినవాడు సహోఢుడు. ఇద్దరూ ఆమెను పెళ్ళాడినవాడికే చెందుతారని స్మృతి నిర్ణయం. జరగకూడదని ధర్మశాస్త్రం అనుకున్నది జరుగుతూనే ఉందనీ, పుట్టిన బిడ్డకు ఒక స్థానం చూపించక తప్పలేదనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

మహాభారతంలో ఇద్దరు కన్యాపుత్రులున్నారు. వ్యాసుడు మహర్షిగా పూజలందుకున్నాడు. కర్ణుడు నీళ్లపాలయ్యాడు. పెళ్ళికి ముందు తనకు కొడుకు పుట్టిన సంగతి సత్యవతి అవసరం వచ్చినప్పుడు భీష్ముడికి తానే చెప్పింది, ఆ కొడుకును పిలిపించి వంశాన్ని నిలిపింది. కుంతి మాత్రం యుద్ధం ముగిసేదాకా ఆ మాట ధర్మరాజుకు చెప్పలేకపోయింది. ఒకే వంశంలో, రెండు తరాల తేడాలో, ఒకే సంగతి ఒకరికి చెప్పుకోదగినదైంది, మరొకరికి దాచుకోవలసినదైంది.

శాతవాహన రాజు హాలుడి పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో పల్లె జనాల ప్రేమలు, సంకేతస్థలాలు, రహస్య సమాగమాలు కొల్లలు. ఆ ప్రాకృత గాథలు పొలాల్లోనూ ఏటి ఒడ్డునా కలుసుకునేవారిని శిక్షించాలని చూడవు. ఆ మనుషుల తొందర, బెదురు, తెలివి వాటికి వస్తువులు.

అడవి సమాజాల పద్ధతి ఇంకా వేరు. భద్రాచలానికి ఉత్తరాన బస్తరు ప్రాంతంలోని మురియా గోండుల్లో ఘోటుల్ అనే యువజన గృహం ఉండేది. పెళ్ళికాని అబ్బాయిలను చెలిక్‌లనీ, అమ్మాయిలను మోటియారీలనీ పిలిచేవారు. రాత్రిపూట అందరూ అక్కడ చేరేవారు. ఆటపాటలు, పని నేర్పులు, పెద్దల పట్ల నడవడి అన్నీ అక్కడే అలవడేవి. లైంగిక సంబంధం కూడా ఆ శిక్షణలో భాగమే. కొన్ని ఘోటుళ్లలో జంటలు స్థిరంగా ఉండేవి. మరికొన్నింటిలో ఒకరిపై ఒకరికి హక్కు భావం పెరగకూడదని జంటలను మారుస్తూ ఉండేవారు. ఈ వ్యవస్థ మీద వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఘోటుల్‌లో జతకట్టిన వారినే పెళ్ళాడాలన్న నియమం లేదు. సంబంధం సాధారణంగా పెద్దలు కుదిర్చేవారు, పెళ్ళయ్యాక ఘోటుల్ గడప తొక్కకూడదు. పెళ్ళికి ముందు ఎంత స్వేచ్ఛో పెళ్ళయ్యాక అంత కట్టుదిట్టం. బడులు, బయటివారి రాకపోకలు, వేడుక చూడటానికి వచ్చేవారి కళ్లు పెరిగిన కొద్దీ ఆ వ్యవస్థ సిగ్గుపడి కుంచించుకుపోయింది.

తెలుగు పల్లెల్లో శ్రమ మీద బతికే అనేక కులాల్లో మారుమనువు, విడాకులు ఆచారంగా ఉండేవి. పెళ్ళికాని ఇద్దరి సంబంధం బయటపడి, ఇద్దరూ ఒకే కులంవారైతే, కులపెద్దలు తప్పు వేసి, ముడిపెట్టించి, కులానికి భోజనాలు పెట్టించి వ్యవహారం ముగించేవారు. కులాలు వేరైతే ఆ ఉదారత ఉండేది కాదు. ఆడపిల్ల శీలం మీద అతి కట్టుదిట్టమైన కాపలా ప్రధానంగా ఆస్తి, హోదా ఉన్న పై కులాల లక్షణం. కింది కులాలు పైకి ఎదిగే క్రమంలో పై కులాల ఆచారాలను తమవిగా చేసుకోవడాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. నాలుగు డబ్బులు చేతికి రాగానే ఇంటి ఆడవాళ్లను పొలం పని మాన్పించడం, ఆడపిల్ల రాకపోకల మీద ఆంక్ష పెట్టడం ఆ క్రమంలో భాగాలే. ఇప్పుడు ‘మా తాతలనాటి కట్టుబాటు’ అని చెప్పుకునేది చాలా కుటుంబాల్లో రెండు మూడు తరాల కిందట అరువు తెచ్చుకున్నది.

పెళ్ళి వయసు కదిలిన తీరు

గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. ఆ తొలి ముద్రణ పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు 1,034గా నమోదయ్యాయి. వధువుల్లో ఐదేళ్ల పిల్లలు, నాలుగేళ్ల పిల్లలు, మూడేళ్ల పిల్లలు ఉన్నారు. ముగ్గురి వయసు ఒక ఏడు.

అటువంటి సమాజంలో పెళ్ళికి ముందు సంబంధం అనే ప్రశ్న ఆడపిల్ల విషయంలో పుట్టనే పుట్టదు. రజస్వల కాకముందే మెడలో తాళి పడుతుంది. సమర్తాడిన కొన్నాళ్లకు కార్యం జరిపించి అత్తవారింటికి పంపుతారు. ఒళ్లు ఎదగడానికీ పెళ్ళికీ మధ్య ఆమెకు వ్యవధి లేదు. పెళ్ళికాని యువతి అనే మనిషి ఆ సమాజంలో దాదాపుగా కనిపించదు. కనిపించేది వితంతువు. అందుకే ఆనాటి సంస్కర్తల దృష్టి ఆమె మీద పడింది. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు.

వయసు విషయంలో చట్టం మెల్లగా కదిలింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో లైంగిక సమ్మతి వయసు పదేళ్లు. కలకత్తాలో ఫూల్‌మణి అనే బాలిక భర్త కారణంగా మరణించాక, దేశమంతటా పెద్ద గొడవ నడుమ, 1891లో దాన్ని పన్నెండు చేశారు. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు కనీస వివాహ వయసు 14గా, మగపిల్లవాడికి 18గా నిర్ణయించి 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ లోపలే పిల్లల పెళ్ళిళ్లు ముగించాలని దేశమంతా హడావిడి పడింది. తేదీ దాటాక గోదావరి ప్రాంతపు తెలుగువారికి మరో దారి దొరికింది. యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది, శారదా చట్టం అక్కడ చెల్లదు. బ్రిటిషు ఇలాకాలోని కుటుంబాలు పిల్లలను తీసుకుని యానాం వెళ్లి పెళ్ళిళ్లు చేసుకొచ్చేవి. ఆ ఊరికి కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే.

1978లో వివాహ వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21 అయింది. చట్టం కంటే చదువు, ఉద్యోగం ఎక్కువ పని చేశాయి. 1901 ప్రాంతంలో దేశంలో ఆడపిల్లల సగటు వివాహ వయసు పదమూడు చుట్టూ ఉండేది. ఇప్పుడది ఇరవై రెండు దాటింది. పద్దెనిమిది నిండకుండా పెళ్ళయిన యువతులు 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 47 మంది, 2019-21 సర్వేలో 23 మంది. ఈ రెండో సర్వే ప్రకారం తెలంగాణలో ఆ సంఖ్య జాతీయ సగటుకు దగ్గరగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 29కి పైగా ఉంది. బాల్య వివాహం ఇంకా పోలేదు, కానీ అది ఇప్పుడు ఎక్కువమంది కథ కాదు.

కొత్తగా వచ్చిపడిన పదేళ్లు

పదమూడో ఏట రజస్వల అయి ఇరవై మూడో ఏట పెళ్ళి చేసుకునే అమ్మాయికి మధ్యలో పదేళ్ల వ్యవధి ఉంది. ఇంజినీరింగు చదివి ఉద్యోగంలో కుదురుకున్న అమ్మాయికి అది ఇంకా ఎక్కువ. ఆమె నాయనమ్మకు ఈ కాలం లేనే లేదు. ఈ వయసులో ఎలా మసలుకోవాలో చెప్పే ఆచారం ఏదీ ఆ ఇంట్లో లేకపోవడానికి కారణం కూడా అదే. పాత కట్టుబాట్లు ఈ వయసు ఉండదన్న లెక్కతో ఏర్పడినవి.

ఈ పదేళ్లు గడిచే చోటు కూడా మారింది. ఇంటర్మీడియెట్‌కే పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీలకు వెళుతున్నారు. అక్కడ అమ్మాయిల క్యాంపస్ వేరు, అబ్బాయిల క్యాంపస్ వేరు. ఫోన్ల మీద నిషేధం, ఔటింగ్‌కు వార్డెన్ అనుమతి. రెండేళ్లు అవతలివారిని కన్నెత్తి చూడనివ్వని ఆ ఏర్పాటు నుంచి పద్దెనిమిదేళ్లకు ఒక్కసారిగా ఇంజినీరింగు కాలేజీలో పడతారు. ఆ తరువాత అమీర్‌పేటలో కోచింగు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాదు పడమటి వైపు పెరిగిన కొత్త నగరంలో ఉద్యోగం, పీజీ హాస్టల్లో బస. చదువు పెద్దగా లేని అమ్మాయిలకూ అచ్యుతాపురం, శ్రీసిటీ వంటి చోట్ల పారిశ్రామిక వాడలు నెలజీతం, సొంత బ్యాంకు ఖాతా ఇచ్చాయి. ఊళ్లో ఉన్నప్పుడు ప్రతి అరుగూ ఒక కన్నే. నగరంలో పక్క గది మనిషి పేరు కూడా తెలియదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, ఇంట్లో ఉంటూనే ఇంటివాళ్లకు తెలియకుండా మాట్లాడుకునే వీలు పల్లెటూరి పిల్లలకూ దొరికింది.

నగరం పూర్తిగా తలుపు తెరిచిందనీ చెప్పలేం. టు-లెట్ బోర్డు మీద ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’ అన్న మాట హైదరాబాదులో, విశాఖలో ఇప్పటికీ మామూలే. పెళ్ళికాని జంటకు గది ఇవ్వకూడదని చెప్పే చట్టం దేశంలో లేదు. మద్రాసు హైకోర్టు 2019లో కోయంబత్తూరు కేసులో ఆ మాటే స్పష్టంగా చెప్పింది. అయినా 2025 జనవరిలో ఓయో సంస్థ మేరఠ్‌లో పెళ్ళికాని జంటలకు గదులివ్వకుండా నిబంధన మార్చింది. పెళ్ళికాని జంటలకు గదులు దొరికే చోటుగా యువతలో పేరు తెచ్చుకున్న సంస్థకే స్థానికుల ఒత్తిడికి తలొగ్గవలసి వచ్చింది.

మాట గడప దాటడం

ఈ విషయం తెలుగులో బహిరంగంగా మాట్లాడే స్థితికి రావడానికి ఒక శతాబ్దం పట్టింది. చలం 1920లలోనే స్త్రీకి శరీరం ఉంది, మనసు ఉంది అని రాసి అప్రతిష్ఠ మూటగట్టుకున్నాడు. మైదానం 1927లో వచ్చింది. అది పెళ్ళయిన స్త్రీ కథ. అయినా స్త్రీ ఇష్టాన్ని తప్పొప్పుల లెక్కలోంచి బయటికి లాగి చూపిన రచన కాబట్టి, ఆ తరువాతి చర్చలన్నీ దాన్ని దాటుకునే వెళ్లాలి. చలాన్ని దుప్పటిలో దాచుకుని చదివిన తరం పిల్లల్ని మాత్రం పాత పద్ధతిలోనే పెంచింది.

తెలుగు మధ్యతరగతికి లైంగిక విజ్ఞానం ఇంట్లోకి తెచ్చింది వారపత్రికల ప్రశ్న-జవాబు శీర్షికలు. విజయవాడకు చెందిన డాక్టర్ సమరం ఏళ్ల తరబడి స్వాతి వంటి పత్రికల్లో పాఠకుల సందేహాలకు వైద్యుడి భాషలో, వెరపు లేకుండా జవాబులిచ్చారు. ఊరూ పేరూ చెప్పని ఉత్తరాల్లో హస్తప్రయోగం మొదలు గర్భభయం దాకా అన్నీ వచ్చేవి. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు చదివే పేజీ అది. బడి చెప్పని పాఠం ఆ పేజీయే చెప్పింది.

తరువాతి కుదుపు ఎయిడ్స్ వల్ల వచ్చింది. దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2000 దశకం తొలి ఏళ్లలో రాష్ట్రమంతటా గోడల మీద, బస్సుల మీద, హోర్డింగుల మీద ఒక ప్రశ్న వెలిసింది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? పులిరాజా ఎవరో మొదట ఎవరికీ తెలియదు. బడిపిల్లలు కూడా ఆ ప్రశ్న అడుక్కుని నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్యే కండోమ్ అన్న మాట తెలుగు వీధిలో పైకి అనగలిగే మాట అయింది. అత్యవసర గర్భనిరోధక మాత్ర 2005లో వైద్యుడి చీటీ లేకుండా మందుల దుకాణంలో దొరికే సరుకైంది. 2007లో ఐ-పిల్ ప్రకటనలు టీవీలో, ఇంటిల్లిపాదీ కూర్చున్న వేళల్లో రావడం మొదలైంది. నీతి చర్చ చేయలేని పని ప్రజారోగ్యం, వ్యాపారం చేసిపెట్టాయి.

మాట బయటికి రావడానికీ మాటను సహించడానికీ మధ్య దూరం ఎంతో 2005లో తమిళనాడులో తేలింది. ఇండియా టుడే జరిపిన సర్వే సందర్భంగా నటి ఖుష్బూ, చదువుకున్న మగవాళ్లు తమ వధువు కన్యగానే ఉండాలని ఆశించకూడదనీ, సంబంధంలోకి వెళ్లే అమ్మాయిలు గర్భం రాకుండా, రోగాలు రాకుండా జాగ్రత్త పడాలనీ అన్నారు. చెప్పులు, చీపుళ్లతో ఊరేగింపులు జరిగాయి. ఆమె మీద వేర్వేరు కోర్టుల్లో 23 ఫిర్యాదులు దాఖలయ్యాయి. ఆమె ఏ నేరమూ చేయలేదని సుప్రీంకోర్టు తేల్చడానికి 2010 ఏప్రిల్ దాకా పట్టింది.

సర్వేలు చూపే బొమ్మ

యువత అంతా కట్టు తప్పిందని ఒకవైపు, అంతా స్వేచ్ఛ సాధించిందని మరొకవైపు వినిపించే మాటలను లెక్కలు సమర్థించవు. అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, పాపులేషన్ కౌన్సిల్ కలిసి 2006-07లో ఆరు రాష్ట్రాల్లో యాభై వేలకు పైగా యువతీయువకులతో మాట్లాడాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇటువంటి ప్రశ్నకు ఎదురుగా కూర్చున్న మనిషికి నిజం చెప్పడం కష్టమని వారికి తెలుసు. అందుకని ముఖాముఖి ప్రశ్నలతో పాటు ఒక చీటీ ఇచ్చి, అవును లేదా కాదు అని గుర్తు పెట్టి, కవరులో పెట్టి అంటించి ఇవ్వమన్నారు. రెండు పద్ధతులూ కలిపి చూస్తే, పెళ్ళికి ముందు లైంగిక అనుభవం ఉన్నవారు 15-24 ఏళ్ల అబ్బాయిల్లో నూటికి 15 మంది, అమ్మాయిల్లో నలుగురు. కొందరు అమ్మాయిలకు అది ఇష్టంతో జరిగింది కాదు. లైంగిక విద్య ఏ రూపంలోనైనా అందినవారు కొద్దిమందే. అది కావాలన్నవారు అత్యధికులు.

అభిప్రాయాల విషయానికొస్తే, ప్యూ పరిశోధన కేంద్రం 2013లో నలభై దేశాల్లో అడిగినప్పుడు ఇండొనేసియా, జోర్డాన్, పాకిస్తాన్‌లలో నూటికి తొంభై మందికి పైగా వివాహపూర్వ సంబంధం నైతికంగా తప్పన్నారు. ఫ్రాన్స్, జర్మనీలలో అలా అన్నవారు పది మంది కూడా లేరు. భారతదేశంలో మూడింట రెండు వంతుల మంది తప్పన్నారు. యువతను మాత్రమే తీసుకున్నా బొమ్మ పెద్దగా మారదు. 2016లో లోక్‌నీతి సంస్థ 15-34 ఏళ్ల వారిని అడిగితే సహజీవనం సరికాదన్నవారు దాదాపు మూడింట రెండు వంతులు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. దేశంలో మూడింట ఒక వంతు మంది పెళ్ళికి ముందరి సంబంధాన్ని గట్టిగా తప్పనడం లేదంటే, సంప్రదాయ సమాజానికి అది చిన్న సంఖ్య కాదు. తప్పన్నవారంతా దూరంగా ఉంటారనీ, ఒప్పన్నవారంతా అనుభవం ఉన్నవారనీ అనుకోకూడదు. ‘ఎవరి ఇష్టం వాళ్లది, నేనైతే చేయను’ అన్న జవాబు ఇప్పటి కాలేజీల్లో తరచుగా వినబడేది. అవతలివారి నడవడికి తీర్పరిగా ఉండటం తన పని కాదనుకోవడమే ఈ తరంలో వచ్చిన అసలు మార్పు.

చట్టం రెండు చేతులతో

కోర్టులు ఈ విషయంలో సమాజం కంటే ముందు నడిచాయి. మేజరైన యువతి తనకు నచ్చినవాడిని పెళ్ళాడవచ్చు, నచ్చినవాడితో కలిసి ఉండవచ్చు అని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో చెప్పింది. ఖుష్బూ కేసులో, పెద్దవాళ్లైన ఇద్దరి ఇష్టపూర్వక సంబంధం కొందరికి అనైతికంగా కనిపించినా నేరం కాదని తేల్చింది. 2005 గృహహింస చట్టం వివాహం వంటి సంబంధంలో ఉన్న స్త్రీకీ రక్షణ ఇచ్చింది. పెళ్ళికాని తల్లి తండ్రి పేరు బయటపెట్టకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని 2015లో తీర్పు వచ్చింది.

గర్భస్రావ చట్టంలో మార్పు ఇంకా ముఖ్యమైనది. 1971 చట్టంలో గర్భనిరోధక సాధనం విఫలమైన కారణం మీద గర్భస్రావం చేయించుకునే వీలు వివాహితకే ఉండేది, ఆ నిబంధనలో ‘భర్త’ అన్న మాట ఉండేది. 2021 సవరణ ఆ స్థానంలో ‘భాగస్వామి’ అన్న మాట చేర్చింది. ఆ మరుసటి ఏడు, విడిపోయిన ప్రియుడి వల్ల గర్భవతి అయిన ఇరవై అయిదేళ్ల అవివాహిత ఢిల్లీ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 24 వారాల గడువు పెళ్ళైనవారికి వర్తించినట్టే పెళ్ళికానివారికీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న కోర్టు తీర్పునిచ్చింది.

అదే చట్టం రెండో చేత్తో గొళ్లెం పెడుతోంది. 2012 పోక్సో చట్టం సమ్మతి వయసును పద్దెనిమిది చేసింది. పిల్లల మీద అఘాయిత్యాలను అరికట్టడానికి అది అవసరమైన చట్టమే. కానీ పదిహేడేళ్ల అమ్మాయి పంతొమ్మిదేళ్ల అబ్బాయితో ఇష్టపడి వెళ్లిపోయినా, తండ్రి ఫిర్యాదుతో అబ్బాయి జైలుకు, అమ్మాయి వసతి గృహానికి చేరతారు. గర్భంతో ఆసుపత్రికి వెళితే వైద్యులు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ భయంతో ఆసుపత్రి మెట్లెక్కని అమ్మాయిలు నాటువైద్యం పాలవుతారు. పశ్చిమ బెంగాల్, అస్సాం, మహారాష్ట్రల్లోని పోక్సో తీర్పులను పరిశీలించిన ఎన్‌ఫోల్డ్ సంస్థ అధ్యయనంలో దాదాపు నాలుగింట ఒక వంతు కేసులు ఇటువంటి ప్రేమ వ్యవహారాలే. సమ్మతి వయసు తగ్గించవద్దనీ, 16-18 ఏళ్ల మధ్యవారి ఇష్టపూర్వక సంబంధాల్లో శిక్ష విషయమై న్యాయమూర్తికి విచక్షణ ఉండాలనీ లా కమిషన్ 2023లో సిఫార్సు చేసింది.

‘పెళ్ళి చేసుకుంటానని నమ్మించి’ అన్న మాట తెలుగు దినపత్రికల జిల్లా పేజీలో కనబడని వారం ఉండదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను, నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్ళి మాట ఇచ్చి సంబంధం పెట్టుకోవడాన్ని పదేళ్ల దాకా శిక్ష పడగల నేరం చేసింది. మోసపోయినవారికి అది ఆసరా. అయితే సంబంధం వల్ల నష్టపోయేది అమ్మాయే, ఆ నష్టానికి పూడిక పెళ్ళే అన్న పాత లెక్క ఆ నిబంధన అడుగున చెక్కుచెదరకుండా ఉంది. ఉత్తరాఖండ్ మరో అడుగు వేసి సహజీవనాన్ని రిజిస్టరు చేయించుకోవాలని 2024లో చట్టం చేసింది. కులపెద్దలు అడిగే లెక్క ఇక అక్కడ ప్రభుత్వ కార్యాలయం అడుగుతుంది.

రెండు కొలమానాలు

తిరక్క మగవాడు చెడతాడు, తిరిగి ఆడది చెడుతుంది అని తెలుగు సామెత. నూట యాభై ఏళ్ల మార్పుల్లో అతి తక్కువ కదిలింది ఈ సామెతే. కవరు పద్ధతి సర్వేలో కనిపించిన 15కూ 4కూ మధ్య తేడాలో కొంత దాపరికం ఉండవచ్చు. ఆ దాపరికం కూడా ఈ సామెత ఫలితమే. అబ్బాయి విషయం తెలిస్తే ‘వయసు’ అంటారు, అమ్మాయి విషయం తెలిస్తే ‘పరువు’ అంటారు. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి జీతం, ఇల్లు విచారిస్తారు. అమ్మాయి గురించి ఆమె చదివిన కాలేజీలో, ఉన్న హాస్టల్లో ఆరా తీస్తారు.

ఈ కొలమానం ఎక్కడ పుట్టిందో వెతికితే ఆస్తి, కులం దగ్గరికి చేరుకుంటాం. కులం నిలవాలంటే పెళ్ళి కులంలో జరగాలి. పెళ్ళి కులంలో జరగాలంటే ఆడపిల్ల ఇష్టం పెద్దల చేతిలో ఉండాలి. ఆమె శీలం మీద కాపలా నిజానికి ఆమె ఎంపిక మీద కాపలా. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పెళ్ళై గర్భవతిగా ఉన్న భార్య కళ్లెదుట దళిత యువకుడిని ఆమె తండ్రి హత్య చేయించినప్పుడు వివాహపూర్వ సంబంధం అన్న ప్రశ్నే లేదు. వాళ్లు చట్టప్రకారం భార్యాభర్తలు. కూతురు తన ఇష్టప్రకారం కులం దాటిందన్నదే అక్కడ ‘తప్పు’.

ఈ కొలమానాన్ని యువత ఎదుర్కొంటున్న తీరుకు మహారాష్ట్రలోని కంజార్‌భాట్ సమాజం మంచి ఉదాహరణ. వారి ఆచారంలో పెళ్ళిరాత్రి కొత్త జంటకు తెల్ల దుప్పటి ఇస్తారు. మరునాడు కులపంచాయతీ ఎదుట ‘సరుకు మంచిదేనా’ అన్న అర్థంలో వరుణ్ణి అడుగుతారు. దుప్పటి మీద రక్తపు మరక లేకపోతే అమ్మాయికి అవమానం, కుటుంబానికి జరిమానా. 2017-18 ప్రాంతంలో పుణె వైపు ఆ సమాజానికే చెందిన చదువుకున్న యువతీయువకులు వాట్సాప్ గ్రూపుగా మొదలై దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. వారికి వెలి ఎదురైంది, దెబ్బలు తగిలాయి. ఈ పరీక్షను నేరంగా పరిగణిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2019లో ప్రకటించింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ పిల్లలు పెళ్ళికి ముందు సంబంధం మంచిదని వాదించలేదు. వధువును అడిగే ప్రశ్న వరుణ్ణి ఎందుకు అడగరన్నారు, అసలు ఆ ప్రశ్న అడగడానికి పంచాయతీ ఎవరన్నారు.

చేయవలసినది

పిల్లలకు తెలియజేయడం వల్లే పాడవుతారన్న భయం మన విధానాల్లో పాతుకుపోయింది. కేంద్రం 2005లో మొదలుపెట్టిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో అనేక రాష్ట్రాలు అడ్డుకున్నాయి. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దని నివేదించింది. ఆ తరువాత ఫోను వచ్చింది. ఉపాధ్యాయుడు చెప్పడానికి జంకిన పాఠాన్ని అశ్లీల చిత్రాలు చెబుతున్నాయి. వాటిలో సమ్మతి ఉండదు, జాగ్రత్త ఉండదు, అమ్మాయి ఇష్టం ఊసే ఉండదు.

తెలుగు యువత పెళ్ళిని తోసిపుచ్చలేదు. అత్యధికులు పెళ్ళి కోరుకుంటున్నారు, అందులో అమ్మానాన్నల ఆమోదాన్నీ కోరుకుంటున్నారు. పెళ్ళికి ముందు వచ్చిన పదేళ్ల వయసును నేరంగా కాక జీవితంలో ఒక భాగంగా గుర్తించమంటున్నారు. ఆ వయసు తిరిగి వెనక్కి పోదు, పోవాలంటే ఆడపిల్లల చదువులు ఆపాలి. చదువు కావాలి, ఉద్యోగం కావాలి, వాటితో వచ్చే వయసు మాత్రం వద్దు అనడం కుదరదు.

కనుక బడి శరీరం గురించీ సమ్మతి గురించీ వయసుకు తగినట్టు చెప్పాలి. ఆసుపత్రి పెళ్ళి ప్రస్తావన లేకుండా వైద్యం చేయాలి. చట్టం అఘాయిత్యానికీ ఇష్టానికీ తేడా చూడాలి. తల్లిదండ్రులు కూతురుకు నేర్పే జాగ్రత్తను కొడుకుకూ, కొడుకు మీద ఉంచే నమ్మకాన్ని కూతురు మీదా ఉంచాలి. పెళ్ళికి ముందు సంబంధం తప్పని నమ్మే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది. ఆ తప్పుకు ఒకరి ప్రాణం, మరొకరి చదువు మూల్యంగా అడిగే హక్కు ఏ కుటుంబానికీ, ఏ కులానికీ లేదు.